మూఢానికి ముందే రాజీనామా

షెపర్టన్,
కార్తీక సోమవారం

ప్రియా బంగారూ,

నిన్న ఫోన్లో నేను "ఊఁ, ఊఁ" అన్నానని అంతా వినపడిందనుకున్నావేమో. నా కుడి చెవి ఎప్పుడో రిటైరైపోయింది, ఎడమది కూడా నోటీసిచ్చింది. నువ్వు చెప్పినదాంట్లో సగం వినపడింది. మిగతా సగం పింకీని అడిగితే, "షీ ఈజ్ గోయింగ్ బ్యాక్ టు యూని, నానమ్మా! టు బి ఎ టీచర్!" అని చెవిలో అరిచి వెళ్ళిపోయింది. నా మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రాదు. అందుకే ఈ ఉత్తరం. నువ్వూ ఇకమీదట ఉత్తరమే రాయి. పింకీ నాది ఫోటో తీసి నీ ఫోనుకి పంపుతుంది, నీది నాకు ప్రింటు తీసి ఇస్తుంది. తెలుగు చదవడం దానికి రాదు కాబట్టి మన రహస్యాలకేం భయం లేదు.

టీచరు చదువు మంచిమాట. ఆ పేరోల్ ఉద్యోగంలో ఇన్నేళ్ళు ఊళ్ళో వాళ్ళ జీతాలన్నీ లెక్కేశావు గానీ ఒక్కరోజు నవ్వుతూ ఆఫీసు కబురు చెప్పి ఎరగవు. ఆదివారం తెలుగుబడిలో పిల్లలచేత అక్షరాలు దిద్దించడం మొదలెట్టాకే నీ మొహంలోకి కళ వచ్చింది. నాకు చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదు.

చదువు ఫిబ్రవరి చివర్లో, ఉద్యోగం మానడం జనవరి ఆఖర్న అన్నావట. అదే కుదరదు. కార్తీకం వెళ్ళిన వారంలోనే శుక్రమూఢం వస్తోంది, ఫిబ్రవరి సగం దాకా వదలదు. ఉన్నది వదలడమైనా, కొత్తది పట్టడమైనా మూఢంలో పనికిరాదు. ఈ గురువారం దివ్యంగా ఉంది. పదకొండు దాటాక, భోజనానికి లేవకముందే రాజీనామా చేతికిచ్చెయ్. మీ బావ యోగానంద్ "అమ్మా, ఈ దేశం ఆఫీసుల్లో పంచాంగం చూడరే" అని నవ్వుతున్నాడు. వాళ్ళు చూడరు కాబట్టే మనం చూసుకోవాలి. ఈ ఇల్లు కొన్నప్పుడు వాడికి నా ముహూర్తం కావాల్సొచ్చింది, ఇప్పుడు నవ్వొస్తోంది.

ఇంకొక్కమాట. మానేశాక ఖాళీగా మాత్రం ఉండకు. మా వెనకగదిలో అద్దెకుండే వెంకట్ ఉద్యోగం పోయిన దగ్గర్నించి సెంట్రెలింక్ అనే ప్రభుత్వాఫీసు వాళ్ళిచ్చే నిరుద్యోగ భృతి తీసుకుంటూ మధ్యాహ్నందాకా దుప్పటి ముసుగు తియ్యడు. మన ఇళ్ళల్లో ఎవరూ అలా చెయ్యి చాచలేదు.

గురువారం మర్చిపోకు.

మీ కనకత్తయ్య


స్కోఫీల్డ్స్,
నవంబరు చివర

అత్తయ్యా,

మీ ఆజ్ఞ అమలైంది. ఆ గురువారం పదకొండు దాటేదాకా బాత్రూములో దాక్కుని, దాటగానే మా మేనేజర్ డారెన్ గదిలోకి వెళ్ళి కాగితం ఇచ్చాను. చదివి, లేచి తలుపు వేసి, "ప్రియా, ఆర్ యూ ష్యూర్? వై డోంట్ యూ వెయిట్ టిల్ క్రిస్మస్?" అన్నాడు. "నో డారెన్, ఇట్ హాజ్ టు బి టుడే. బిఫోర్ లంచ్" అన్నాను. మళ్ళీ అదే అడిగాడు. నేనంటే అంత అభిమానమని తెలియక ఇన్నాళ్ళూ ఆయన్ని ముభావి అనుకున్నాను, పాపం. డిసెంబరు సగానికి నా ఆఖరి రోజు.

దాచుకున్నదాంట్లో చాలావరకు కోర్సు ఫీజుకి కట్టేశాను. ఇప్పుడు వెనక్కి చూసే పని లేదు. నా రూమ్మేట్ శ్రీదివ్య, అదే మా సెక్షన్లో పనిచేసే అమ్మాయి, "నువ్వు లేకుండా ఆ ఆఫీసులో నేనెలా ఉండనే" అని ఒకటే గొడవ.

ఆదివారం బడిలో అనన్య అని ఒక గడుగ్గాయి ఉంది. "ణ" రాయమంటే పలక నిండా చుట్టలు చుట్టి, "ప్రియా ఆంటీ, దిస్ లెటర్ ఈజ్ గివింగ్ మీ ఎ హెడేక్, బట్ ఐ లవ్ ఇట్" అంది. ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. జీతాల లెక్కలు నన్నెప్పుడూ అలా నవ్వించలేదు అత్తయ్యా.

మీమీద ఒక ఫిర్యాదు. పోయినసారి షెపర్టన్ నుంచి బయలుదేరినప్పుడు అందరూ కారుదాకా వచ్చారు, మీరు మాత్రం పాలు పొంగుతాయని వంటింట్లోనే ఉండిపోయారు. అంతకుముందు సారీ అవే పాలు. ఈసారి వచ్చినప్పుడు ఆ పాల సంగతేమిటో తేలుస్తాను.

మీ ప్రియ


షెపర్టన్,
జనవరి మొదటివారం

ప్రియా,

క్రిస్మస్ పండక్కి వస్తావనుకుని ఆవకాయ జాడీ తీయించి పెట్టాను. రాలేదు. ఉత్తరమైనా సరిగ్గా రాశావా? "నేను బాగున్నాను, ఎండలు మండుతున్నాయి, చదువుకు తయారవుతున్నాను." ఇదేనా నువ్వు రాసేది? మా ఎలక్ట్రిసిటీ వాళ్ళు ఇంతకంటే ఆప్యాయంగా రాస్తారు.

ఏం వండుకుంటున్నావో లేదు. అనన్య ఏమందో లేదు. పెండిల్ హిల్ హోటల్‌కి వెళ్ళి ఇడ్లీ తిన్నావో లేదో లేదు. నువ్వు ఆ హోటల్ సాంబారు ఊసు ఎత్తకుండా ఉత్తరం ముగించావంటే ఏదో జరిగిందన్నమాట. మీ నాన్నా ఇంతే. చిన్నప్పుడు మా గోపాలం దెబ్బ తగిలించుకొచ్చిన రోజున బుద్ధిమంతుడిలా మాట్లాడకుండా పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు.

నేను నీకు పరాయిదాన్నా? రాయి.

మీ అత్తయ్య


స్కోఫీల్డ్స్,
జనవరి

అత్తయ్యా,

మీకు కోపం వస్తుందని రాయలేదు. వచ్చినా సరే, ఇప్పుడు రాస్తున్నాను. నేను సెంట్రెలింక్‌లో జాబ్‌సీకర్‌కి పెట్టుకున్నాను. అవును, వెంకట్ తీసుకునే భృతే. ఉద్యోగం లేదు, విద్యార్థులకిచ్చే సాయం చదువు మొదలయ్యేదాకా రాదు. ఈ మధ్యలో అద్దె మాత్రం ఆగదు కదా. నాన్నకి చెప్పకండి, దణ్ణం పెడతాను.

ఆఫీసుకి వెళ్ళినరోజు కిటికీ పక్కన కూర్చోకుండా లోపలి కుర్చీ వెతుక్కున్నాను, తెలుగువాళ్ళెవరైనా చూస్తారని. తీరా చూస్తే నా పక్కన కూర్చున్నావిడ అనన్య వాళ్ళమ్మమ్మ! ఆవిడ వేరే పనిమీద వచ్చింది. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు నటించి, చివరికి నవ్వేసుకున్నాం.

అక్కడి ఆఫీసరు టోంగా దీవుల నుంచి వచ్చిన పెద్దావిడ, మంచిదే. "వై డిడ్ యూ లీవ్ యువర్ జాబ్?" అంది. చదువుకి అన్నాను. "బట్ యూని స్టార్ట్స్ ఇన్ ఫెబ్రవరీ. వై రిజైన్ ఇన్ నవంబర్?" అంది. ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ నాకు అబద్ధం ఆడటం రాదు కదా. "మై ఆంటీ సెడ్ వీనస్ వజ్ గెటింగ్ టూ క్లోజ్ టు ద సన్" అన్నాను.

ఆవిడ టైపు చెయ్యడం ఆపేసింది. "ఈజ్ యువర్ ఆంటీ యువర్ ఎంప్లాయర్?"

"నో. బట్ షీ ఈజ్ ద బాస్."

"ఐ'వ్ గాట్ వన్ ఆఫ్ దోజ్ ఇన్ టోంగా" అని నవ్వి, పాపం ఎలా రాస్తే బాగుంటుందో చాలాసేపు ఆలోచించింది. కానీ రూలు రూలే. మనంతట మనం మానేస్తే కొన్నివారాలు ఆగాకే ఇస్తారట. ఆగుతున్నాను. ఈలోగా ఉద్యోగాలకి అప్లికేషన్లు పెడుతూనే ఉండాలి, వచ్చింది కాదనకూడదు. మధ్యాహ్నం దాకా దుప్పటి ముసుగులో లేనండీ, ఒట్టు.

నిన్న పెండిల్ హిల్ వెళ్ళాను. ఇడ్లీ తిన్నాను. సాంబారు పలచగా ఉంది. ఇప్పుడు సంతోషమేనా?

ప్రియ


షెపర్టన్,
జనవరి, ఒళ్ళుమండిన రోజు

ప్రియా,

నీ ఉత్తరం చదివి మొదట నాకు కోపమే వచ్చింది. మా గోపాలం కూతురు ప్రభుత్వం ముందు చెయ్యి చాచడమేమిటని గట్టిగానే అన్నాను. పింకీ ఫోను పక్కన పడేసి నామీదకొచ్చింది. "నానమ్మా, షీ పెయిడ్ టాక్స్ ఫర్ ఇయర్స్! ఇట్స్ ఫర్ ఎవ్రీబడీ!" అని మొదలెట్టి, అందులో సగం నేను అర్థం చేసుకునేలోపు చివర "సే సారీ టు వెంకట్ అంకుల్ టూ" అంది. ఆ పిల్ల మా ఇంట్లో ఎక్కడినుంచి ఊడిపడిందో తెలియదు. సాయంత్రం వెంకట్‌కి గారెలు పంపాను. సారీ అనలేదు గానీ, గారెలు అయితే ఎక్కువే పంపాను.

పింకీ అక్కడితో ఆగితే బాగుండేది. మనంతట మనం మానేస్తే ఆగాలి, వాళ్ళు తీసేస్తే అలా ఆగక్కర్లేదు అని కూడా చెప్పింది. అప్పుడు నాకు మీ డారెన్ గుర్తొచ్చాడు. క్రిస్మస్ దాకా ఆగమని తలుపు వేసి మరీ ఎందుకన్నాడు? యోగానంద్‌చేత శ్రీదివ్యకి ఫోన్ చేయించాను. ఆ పిల్లకి అబద్ధాలు రావు, అందుకు దాన్ని ఏమీ అనకు. క్రిస్మస్ ముందు మీ సెక్షన్ మొత్తం ఎత్తేశారట. ఉన్నవాళ్ళందరికీ పరిహారం ఇచ్చి, కేకు కోసి, సాగనంపారట. నీకు తప్ప అందరికీ.

నిజమేనా? ఈ ఒక్క ప్రశ్నకే జవాబు రాయి. సాంబారు కబుర్లు వద్దు.

కనకదుర్గ


స్కోఫీల్డ్స్,
జనవరి చివర

అత్తయ్యా,

మీరు "కనకదుర్గ" అని సంతకం పెట్టడం మొదటిసారి చూశాను. భయమేసింది.

నిజమే. డారెన్ నోటితో చెప్పకూడదు కాబట్టి అలా అన్నాడని తర్వాత తెలిసింది. శ్రీదివ్య కేకు ముక్క ఇంటికి తెచ్చి, నాకివ్వాలా వద్దా అని గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నేనే లాక్కుని తిన్నాను. బాగుంది కేకు.

మీరు బాధపడతారనే రాయలేదు. మీమీద నాకు కోపం లేదు అత్తయ్యా. ముహూర్తం మీరు పెట్టారు, కాగితం ఇచ్చింది నేను. ముప్ఫై దాటినదాన్ని, నాకు అనుమానం వస్తే అడగొచ్చు. మీరు చెప్తే చెయ్యడం నాకు ఇష్టం కాబట్టి చేశాను. ఈ దేశానికొచ్చిన కొత్తలో జ్వరంతో పడి ఉంటే రైలెక్కి వచ్చి నా మంచం పక్కన కింద పడుకున్నది మీరు. మీరు గురువారం అంటే నాకు గురువారమే.

ఇంకో సంగతి ఉంది. రౌస్ హిల్‌లో ఒక కంపెనీ నా అప్లికేషన్ చూసి ఇంటర్వ్యూకి పిలిచింది. పేరోల్ పనే, పర్మనెంటు. నచ్చానట, శుక్రవారంలోగా జవాబు చెప్పమన్నారు. కాదంటే సెంట్రెలింక్ వాళ్ళకి కారణం చెప్పాలి, వచ్చేది ఆగిపోవచ్చు. అవునంటే చదువు పోతుంది. ఈ నెలలో లెక్క చూసుకుంటే ధైర్యం చాలడం లేదు. చదువు వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామనుకుంటున్నాను.

వచ్చే ఏడాది చదువుతానని నాకే నమ్మకం లేదు. కానీ ఏం చెయ్యను? మీరే చెప్పండి. ఈసారి పంచాంగం తియ్యకుండా.

ప్రియ


షెపర్టన్,
అదేరోజు సాయంత్రం

ప్రియా, నా తల్లీ,

పంచాంగం పింకీ బీరువా మీద పెట్టేసింది, నాకందదు. నేనే పెట్టెయ్యమన్నాను.

ఉద్యోగం కాదనమని నేను చెప్పను. నిజం చెప్పమంటాను. ఆఫీసరమ్మ ముందు వీనస్ సంగతి చెప్పినదానివి, వీళ్ళకి యూని సంగతి చెప్పడానికేం? "ఫిబ్రవరి చివర్నించి నేను చదువుకుంటాను, అందాకా పని చేస్తాను, ఇష్టమైతే తీసుకోండి" అని అడుగు. వద్దంటే ఆ మాటే సెంట్రెలింక్ వాళ్ళకీ చెప్పు. ఏం ఆగిపోయినా ఆగనీ. నీకు ఇక్కడ ఒక మంచం ఉంది, ఆవకాయ ఉంది, యోగానంద్ ఉన్నాడు. నువ్వు చదువు ఆపితే మాత్రం ఆ గురువారం నన్ను బతికినంతకాలం పొడుస్తుంది.

నాకు ఈ ముహూర్తాల పిచ్చి మొదట్లో లేదు, నీకు తెలియదు. మీ రామ్మోహన్ మావయ్య ఆఖరిసారి పళ్ళు టిన్నుల్లో నింపే క్యానరీకి డ్యూటీకి వెళ్ళిన పొద్దున భోజనం డబ్బా మర్చిపోయాడు. నేను పెరట్లోంచి చుట్టూ తిరిగి గేటు బయటికి పరిగెత్తి, డబ్బా పట్టుకుని ఆయనకి ఎదురొచ్చాను. "నువ్వు ఎదురొస్తే నాకేం లోటే" అని నవ్వి తీసుకున్నాడు. మధ్యాహ్నం పనిలోనే గుండె ఆగిపోయింది. డబ్బా తెరవకుండానే తిరిగొచ్చింది. ఆ తర్వాత ఏది ఎందుకు జరుగుతుందో తెలియక, కనీసం నా వాళ్ళు బయలుదేరే వేళైనా మంచిది చూసి పెడదామనుకున్నాను. అంతేనమ్మా.

శుక్రవారం దాకా ఆగకు. రేపే అడుగు. రేపు ఎలాంటి రోజో నేను చూడలేదు.

మీ అత్తయ్య


స్కోఫీల్డ్స్,
ఫిబ్రవరి

అత్తయ్యా,

అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. ఆ కంపెనీ మేనేజరు యోగానంద్ బావ వయసువాడు. "అవర్ పేరోల్ గర్ల్ ఈజ్ ఆన్ లీవ్ టిల్ ఎండ్ ఆఫ్ ఫెబ్. కెన్ యూ హెల్ప్ అజ్ అంటిల్ దెన్?" అన్నాడు. పర్మనెంటు ఉద్యోగం వేరేవాళ్ళకిస్తారు. చదువు మొదలయ్యాక శనివారాలు రమ్మన్నాడు. సెంట్రెలింక్‌కి చెప్పేశాను. చదువు మొదలయ్యాక విద్యార్థుల సాయానికి ఎలా పెట్టుకోవాలో ఆ టోంగా ఆవిడే చెప్పింది. "హౌ ఈజ్ ద బాస్?" అని మిమ్మల్నీ అడిగింది.

చదువుకుంటున్నానత్తయ్యా! శ్రీదివ్యకి కూడా కొత్త ఉద్యోగం వచ్చింది. ఇద్దరం పెండిల్ హిల్ వెళ్ళి దోసెలు తిన్నాం. ఆ రోజు సాంబారు బాగుంది.

ఇప్పుడు నాదొక కోరిక. క్లాసులు మొదలయ్యేది సోమవారం. నేనే పంచాంగం చూశాను, ఫోన్లో ఉంటుందిలెండి. బయలుదేరాల్సింది రాహుకాలంలో. యూని ఉన్నది తూర్పున, సోమవారం తూర్పుకి శూల. ఇంతకంటే చెడ్డ వేళ వెతికినా దొరకదు. కాబట్టి నాకు గట్టి శకునం కావాలి. మీరు ఎదురు రావాలి.

ఇంట్లో ఎవరు బయలుదేరినా మీరు వంటింట్లోకి వెళ్ళిపోవడం నేను ఈ దేశానికొచ్చినప్పటినుంచీ చూస్తున్నాను. పొయ్యి మీద పాలే లేని రోజున కూడా పాలు పొంగుతాయన్నారు. భర్త పోయినవాళ్ళు ఎదురు రాకూడదని ఎవరు చెప్పారో నాకు తెలియదు. జ్వరంలో నా పక్కన పడుకున్నప్పుడు మీరు నాకు ఎదురు రాలేదా? ఎవరికి ఎవరు మంచో తేల్చేది నేను. నా ప్రయాణం, నా శకునం. మావయ్య ఆ రోజు నవ్వాడని మీరే రాశారు. ఆయనకి తెలిసినంత నాకూ తెలుసు.

బాస్‌కి ఆజ్ఞ ఇవ్వడం ఇదే మొదటిసారి. తప్పైతే క్షమించండి, కానీ రండి.

మీ ప్రియ


షెపర్టన్,
ఫిబ్రవరి

ప్రియా,

నీ ఉత్తరం చదివి రెండురోజులు ఎవరు పిలిచినా గదిలోంచి బయటికి రాలేదు. పింకీ నా చెవులు పూర్తిగా పోయాయనుకుని కంగారు పడింది. నాకు చాలా భయంగా ఉంది, దాచను. నీకేమైనా అయితేనో? మీ మావయ్య ఫోటో ముందు కూర్చున్నాను. ఆయన ఆ రోజు అన్నమాటే మళ్ళీ అన్నట్టు అనిపించింది.

యోగానంద్ రైలు టికెట్టు తీశాడు. ఆదివారం సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటాను. నీ సోమవారం గురించి నేను ఒక్క ముక్క మాట్లాడను, ఒట్టు. రాహుకాలమంతా నీ చదువుకే ఖర్చు పెట్టుకో.

నువ్వు తయారై, చెప్పులు వేసుకుని తలుపు తియ్యి. నేను ముందే బయటికి వెళ్ళి గేటు అవతల ఉంటాను. నువ్వు మెట్లు దిగేసరికి నడిచి వస్తుంటాను. నా చేతిలో భోజనం డబ్బా ఉంటుంది, అందులో పులిహోర. అది తీసుకో. నన్ను చూసి ఏడవకు, ఆగకు, మెట్రో తప్పిపోతుంది.

మధ్యాహ్నం ఆ డబ్బా తెరిచి తిను తల్లీ. తిన్నాక నాకు ఫోన్ చెయ్యి. వినపడకపోయినా సరే, నేను ఎత్తుతాను.

మీ కనకత్తయ్య